పేరు మిగిలింది, మనిషి ఏడీ?

(నోవైలో జరిగిన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ ముసలాయన ఎప్పుడు ముగిస్తాడా, నృత్యనాటిక ఎప్పుడు మొదలవుతుందా అని వెనుక వరుసల్లో ఎదురుచూస్తున్న చిన్నారులకు నమస్కారం.

నిర్వాహకులు నాకు 20 నిమిషాలు ఇచ్చారు. నేను పండితుణ్ణి కాను. చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణీ కాను. కార్ల కంపెనీలో బ్రేకుల లెక్కలు వేసి వేసి పదవీ విరమణ చేసిన ఇంజనీరును. అటువంటి నేను ఇవాళ చరిత్ర మాట్లాడటానికి కారణం మా మనవడు. వాడికి పదేళ్లు. తప్పేమైనా దొర్లితే నన్ను మందలించండి. మంచి ఏమైనా ఉంటే ఆ ఘనత వాడికివ్వండి.

మొన్న వేసవిలో మా పాత ఫోటోల పెట్టె తీశాడు. అందులో ఒక ఫోటో ఉన్నది. 1979లో, నేను మిషిగన్ వచ్చిన రెండో యేట, కొన్న మొదటి కారు. కొత్తది కాదు, ఎవరో వాడి వదిలేసింది. మా ఆవిడ దానికి పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి ఇస్తుండగా తీసిన ఫోటో. కారు పేరు పాంటియాక్.

"తాతయ్యా, ఇది మన పక్క ఊరి పేరు గదా. కారు పేరు ఊరికి పెట్టారా, ఊరి పేరు కారుకు పెట్టారా?" అన్నాడు.

"ఊరి పేరే కారుకు పెట్టారు."

"మరి ఊరికి ఎవరి పేరు పెట్టారు?"

"ఎవరో ఇండియన్ నాయకుడిది."

"ఇండియన్ అంటే మనవాడా?"

"మనవాడు కాడురా, ఇక్కడివాడు."

"ఏం చేశాడు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ మనిషి పేరుగల కారులో తొమ్మిదేళ్లు తిరిగాను. ఆ మనిషి పేరుగల ఊరు మనకు 20 మైళ్ల దూరంలో, మన ఓక్లండ్ కౌంటీకే ముఖ్యపట్టణంగా ఉన్నది. అయినా ఆయన ఏం చేశాడో నాకు తెలియదు. సిగ్గనిపించింది. ఆ సిగ్గుతో గ్రంథాలయానికి పోయి చదివింది మీతో పంచుకొందామని వచ్చాను.

ముందు ఆయన కథ చెబుతాను.

ఆయన ఒడావా జాతివాడు. ఒటావా అని కూడా అంటారు. ఆ జాతివారి భాషలో ఆయన పేరు ఒబ్వాండియాగ్ అని చెబుతారు. ఫ్రెంచివాళ్ల నోటా, ఇంగ్లీషువాళ్ల నోటా నలిగి అది పాంటియాక్ అయింది. ఈ గడ్డమీదికి వచ్చాక మన పేర్లు ఎలా నలిగాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. నా పేరులో పదకొండు అక్షరాలుండేవి. ఆఫీసులో మూడక్షరాలు మిగిలాయి. అయితే నేను నా ఇష్టంతో కుదించుకొన్నాను. ఆయనను ఎవరూ అడగలేదు.

డెట్రాయిట్ కోట 1701లో ఫ్రెంచివాళ్లు కట్టుకొన్నది. కట్టినవాడి పేరు కాడిలాక్. అవును, ఆ పేరూ కారు పేరే! ఫ్రెంచివాళ్లు ఇక్కడివారితో వర్తకం చేశారు, వియ్యమందారు, ఏటేటా కానుకలిచ్చారు. 1760 నవంబరులో ఆ కోట ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. వారి సేనాపతి ఆంహర్స్ట్ దొరకు ఈ కానుకలు లంచాలుగా తోచాయి. వాటిని ఆపించాడు. తుపాకి మందు అమ్మకం బిగించాడు. తుపాకితో వేటాడి బతకడం అప్పటికి అలవాటైన జనానికి మందు ఆపడమంటే కూడు ఆపడమే. పైగా కానుక అనేది ఆ జనం దృష్టిలో స్నేహానికి గుర్తు. మీ నేలమీద మేముంటున్నాము గనుక మీకు గౌరవం చెల్లిస్తున్నాము అని దాని అర్థం. దాన్ని ఆపడమంటే, ఈ నేల మీది కాదు, మాది అని చెప్పడం.

1763 ఏప్రిల్ 27న డెట్రాయిట్‌కు దిగువన ఎకోర్స్ నది ఒడ్డున పాంటియాక్ ఒక సభ చేశాడు. తూర్పుదేశపు నియోలిన్ అనే ప్రవక్త కన్న కల ఒకటి అక్కడ చెప్పాడట: పరాయి సరుకు వదలండి, మీ పూర్వీకుల బతుకు బతకండి, మీ నేల మీరు కాపాడుకోండి అని దేవుడే చెప్పినట్లుగా. ఇంగ్లీషు బట్ట, ఇంగ్లీషు సారా వద్దన్న ఆ మాట వింటుంటే, 158 సంవత్సరాల తరువాత మన పల్లెల్లో విదేశీ వస్త్రాలకు నిప్పంటించిన రోజులు నాకు గుర్తు వచ్చాయి.

మే 7న ఆయన సుమారు 300 మందితో, కంబళ్ల కింద ఆయుధాలు దాచుకొని, మాటలాడే నెపంతో కోటలోకి వచ్చాడు. కోట అధికారి గ్లాడ్విన్‌కు ముందే ఉప్పందింది. సిపాయిలు సిద్ధంగా ఉన్నారు. పాంటియాక్ వెనుదిరిగాడు. ఎవరు చెప్పారన్న దానిమీద నేటికీ వాదులాటలే. రెండు రోజుల తరువాత ముట్టడి మొదలైంది. ఈలోగా మంట నలుదిక్కులా పాకింది. ఉత్తరాన మిషిలిమాకినాక్ కోట బయట ఒజిబ్వే యువకులు బంతాట ఆడుతూ, బంతిని కోటలోకి విసిరి, దాని వెంట పరుగెత్తి కోటనే పట్టుకొన్నారు. చూస్తుండగానే ఎనిమిది కోటలు ఇంగ్లీషువారి చేజారాయి. జూలై 31న డెట్రాయిట్ కోటనుంచి దాడికి బయలుదేరిన సుమారు 250 మంది సిపాయిలను పాంటియాక్ మనుషులు ఒక వాగు దగ్గర కాచుకొని చెదరగొట్టారు. సైన్యాన్ని నడిపిన కెప్టెన్ డాలియెల్ అక్కడే చచ్చిపోయాడు. ఆ వాగుకు నెత్తుటివాగు అని పేరు వచ్చింది.

ఆ వేసవిలోనే పిట్స్‌బర్గు కోటలోనుంచి మశూచి రోగుల కంబళ్లు ఇండియన్లకు అందించారు. ఆ ఆలోచన తగినదేనని ఆంహర్స్ట్ దొర ఉత్తరాలు రాశాడు. ఇది కట్టుకథ కాదు. ఆ ఉత్తరాలున్నాయి.

ముట్టడి అక్టోబరు ఆఖరు వరకూ సాగింది. ఫ్రెంచి రాజు సాయం వస్తుందని పాంటియాక్ నమ్మకం. పారిస్‌లో సంధి అయిపోయింది, సాయం రాదు అని ఫ్రెంచి అధికారి ఉత్తరం పంపాడు. చలికాలం ముంచుకొస్తున్నది. జనం వేటకు పోవాలి. ముట్టడి సడలింది. 1766లో ఆయన సంధి చేసుకొన్నాడు. 1769 ఏప్రిల్ 20న ఇల్లినాయ్ దేశంలో, మిసిసిపీ ఒడ్డు గ్రామమైన కహోకియాలో ఇంకొక ఇండియన్ జాతివాడే ఆయనను చంపాడు. సమాధి ఎక్కడున్నదో నిర్ధారణ లేదు.

ఇక్కడ మన కథ మొదలవుతుంది.

పాంటియాక్ ఆశను ఆర్పివేసింది 1763నాటి పారిస్ సంధి అన్నాను గదా. ఆ సంధితో ముగిసిన యుద్ధాన్ని ఏడేళ్ల యుద్ధం అంటారు. ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ యూరపులో తగాదా. కాని నేల పోగొట్టుకొన్నవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆఫ్రికా పడమటి తీరాన, వొలోఫ్ ప్రజల దేశపు వాకిట, సెనెగల్ నది ముఖద్వారంలో ఉన్న సెయింట్ లూయీ అనే ఫ్రెంచి స్థావరం 1758లో ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. 1759 ఏప్రిల్‌లో మన మచిలీపట్నం కోట చిక్కింది. 1760 నవంబరులో డెట్రాయిట్ చిక్కింది. వరుసగా మూడేళ్లు, మూడు ఖండాలు, మూడు రేవులు. ఆ మూడుచోట్ల జనానికి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒకే యుద్ధం తమ ముగ్గురి తలరాతా రాస్తున్నదని ఎవరికీ తెలియదు.

మచిలీపట్నం ఎలా చిక్కింది? మాది బొబ్బిలి దగ్గర పల్లె. చిన్నప్పుడు సంక్రాంతి రాత్రుళ్లు చలిమంట పక్కన బొబ్బిలి కథ విన్నవాణ్ణి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చాయి. కోటలోని ఆడవారూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకుండా తమవారి చేతులతోనే ప్రాణాలు విడిచారు. రాజా రంగారావు పోరాడి చనిపోయాడు. బుస్సీని తీసుకొచ్చినవాడు పొరుగునున్న విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు. కొద్ది రాత్రుల తరువాత తాండ్ర పాపారాయుడు ఆయన గుడారంలో దూరి ఆయనను చంపాడు. కథకుడు అక్కడికి వచ్చేసరికి మా నాన్నగారు చుట్ట ఆర్పేసి లేచి కూర్చునేవారు. ఆ కథ మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్లు సినిమాలో చూశారు.

తరువాతి కథ మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. చనిపోయిన రాజు తరువాత వచ్చిన ఆనంద గజపతి ఫ్రెంచివారిమీద కోపంతో ఇంగ్లీషువారిని పిలిచాడు. కర్నల్ ఫోర్డ్ వచ్చాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించాడు. నాలుగు నెలలకు మచిలీపట్నం పట్టాడు. ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోవడానికి అదీ మొదలు.

36 సంవత్సరాలు గడిచాయి. అదే విజయనగరం గద్దెమీద చిన విజయరామరాజు. కంపెనీ అడిగే పేష్కషు పెరిగింది, బాకీలు పెరిగాయి. జమీను స్వాధీనం చేసుకొని, నీవు మచిలీపట్నం పోయి కూర్చో అన్నారు. ఆయన పోలేదు. విజయనగరానికీ భీమునిపట్నానికీ మధ్య పద్మనాభం కొండ దగ్గర తనవారితో నిలబడ్డాడు. 1794 జూలై 10న తెల్లవారుజామున కంపెనీ సైన్యం మీదపడింది. గంటైనా పట్టని యుద్ధం. రాజూ, ఆయన చుట్టూ నిలిచిన ఎందరో బంధువులూ అక్కడే నేలకొరిగారు. ఏ ఇంటివారు ఇంగ్లీషువారిని పిలిచారో ఆ ఇంటివారే చివరకు ఇంగ్లీషువారిని ఎదిరించి చనిపోయారు. పిలిచినప్పుడు ఫోర్డ్ స్నేహితుడు. 36 ఏళ్లకు అదే కంపెనీ యజమాని.

బొబ్బిలి పేరు చెబితే మన ఒళ్లు పులకరిస్తుంది. పద్మనాభం పేరు చెబితే చాలామందికి కొండమీది స్వామి గుర్తుకొస్తాడు, రాజు గుర్తుకు రాడు. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. తేడా ఎక్కడ ఉన్నది? బొబ్బిలిని ఇంటింటికీ మోసిన కథకులున్నారు. పద్మనాభానికి అంతమంది లేరు. నాకు తోచిన కారణం ఇంతే.

ఇంకొక ముచ్చట. రాయలసీమ 1800లో కంపెనీకి వచ్చింది. అక్కడ కలెక్టరుగా థామస్ మన్రో 1807 వరకూ పనిచేశాడు. పాళెగాళ్లను అణచి, భూమి కొలిపించి, రైతులకు నేరుగా పన్ను కట్టించాడు. అతను మంచివాడని జనం పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకొన్నారని చెబుతారు. పరాయి దొర పేరు మన ఇళ్లలో ఉయ్యాలల్లో ఊగింది! అణగిపోయిన పాళెగాళ్ల వారసులు భరణాలమీద బతికారు. అలాంటి ఇంటివాడే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఆయనకు వచ్చే భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తాతగారి వైపు నొస్సం వారి భరణం వారసులు లేరని ఆపేశారు. ఊళ్లలో కట్టుబడుల ఇనాములు లాక్కొన్నారు. 1846 జూలైలో ఆయన జనాన్ని కూడగట్టి కోయిలకుంట్ల ఖజానామీద పడ్డాడు. బోయలు, చెంచులు, వడ్డె ఓబన్నవంటివారు ఆయన వెంట నిలిచారు. అక్టోబరులో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనమందరి ఎదుట ఉరితీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి 1877 వరకూ ఉంచారని అంటారు.

ముప్ఫై ఏళ్లు! ఆ దారిన పోయే ప్రతివాడూ చూసి భయపడాలని. కాని జనం ఏం చేశారు? పాట కట్టుకొన్నారు. కోట గుమ్మం చెప్పిన మాట ఒకటి, కోలాటం చెప్పిన మాట ఒకటి. 2021లో కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. అంతకుముందు 170 యేళ్లకు పైగా ఆ పేరును ఎత్తి పట్టుకొన్నది ఊరి పాటగాళ్లు.

ఇక మూడో రేవు. సెనెగల్ మనకు పరిచయం లేని దేశం. ఇక్కడే మా పాత వీధిలో ఒక సెనెగల్ కుటుంబం ఉండేది. వాళ్లు ఒకరినొకరు పలకరించుకొనేటప్పుడు ఇంటిపేరును పదే పదే పలికేవారు. "ఎందుకలా?" అని అడిగితే, "ఇంటిపేరు పలకడమంటే వాళ్ల పెద్దలందరికీ నమస్కారం పెట్టినట్లు" అన్నాడాయన. మన ప్రవర చెప్పుకోవడం నాకు గుర్తొచ్చింది.

సెయింట్ లూయీ తరువాత మళ్లీ ఫ్రెంచివారికి దక్కింది. దాని పక్కనే వాలో అనే వొలోఫ్ రాజ్యం. 1846 నుంచి దాన్ని ఏలింది రాణి న్దాతే యల్లా. 1854లో గవర్నరైన ఫెదెర్బ్ మరుసటి యేడే ఆమె రాజ్యాన్ని ఆక్రమించాడు. ఆమె దేశం వదిలి పొరుగు రాజ్యం కయోర్‌లో తలదాచుకొన్నది. ఆమె కొడుకు సిద్యాను ఫెదెర్బ్ తీసుకుపోయి సెయింట్ లూయీ బడిలో వేశాడు. నాయకుల బిడ్డలకోసమే పెట్టిన బడి అది. బందీల బడి అనే దాని పేరు. అక్కడ ఆ పిల్లవాడికి లియాన్ అని ఫ్రెంచి పేరు పెట్టారు. పెద్దవాడయ్యాక వాళ్ల కొలువు వదిలి ఎదురు తిరిగాడు. 1875లో పట్టుబడ్డాడు, గాబన్ దేశానికి పంపబడ్డాడు, అక్కడే చనిపోయాడు. ఆయనను ఫ్రెంచివారికి అప్పగించినది ఎవరనుకొన్నారు? కయోర్ రాజు లాత్ జోర్.

ఆ లాత్ జోరే తరువాత అక్కడ జాతీయవీరుడు. వేరుశెనగ పంటను ఓడలకెక్కించడానికి డకార్ నుంచి సెయింట్ లూయీ దాకా రైలుమార్గం వేస్తామన్నారు ఫ్రెంచివాళ్లు. మొదట ఒప్పుకొని, తరువాత కళ్లు తెరిచి, ఈ పట్టాలు పడితే నా రాజ్యం ఉండదు అని ఎదిరించాడు. 1885లో రైలు నడిచింది. 1886 అక్టోబరులో దెఖెలే అనే చోట ఆయన పోరాడి చనిపోయాడు. ఇవాళ ఆ దేశంలో త్యెస్ నగరంలోని క్రీడామైదానం ఆయన పేర ఉన్నది. కాని అంతకన్న ముఖ్యం, అక్కడ వంశాలవారీగా చరిత్ర పాడే గాయకులున్నారు. వొలోఫ్ భాషలో గెవెల్ అంటారు. మన పిచ్చుకుంట్లవారు, భట్రాజుల వంటివారు. ఆయన పేరు, ఆయన గుర్రం పేరు కూడా వాళ్ల నోట బతికే ఉన్నాయి. సెయింట్ లూయీలో ఫెదెర్బ్‌కు 19వ శతాబ్దంలో నిలిపిన కంచు విగ్రహాన్ని 2020లో తీసేశారు. కంచు పోయింది, నోటిమాట నిలిచింది.

ఇప్పుడు మీరు గమనించి ఉంటారు. విజయనగరం బొబ్బిలిమీదికి ఫ్రెంచివాణ్ణి తెచ్చింది. లాత్ జోర్ సిద్యాను అప్పగించాడు. పాంటియాక్‌ను చంపినవాడు ఇండియనే. వీళ్లెవరూ దేవుళ్లు కారు. తప్పులు చేశారు, ఆలస్యంగా కళ్లు తెరిచారు, ఓడిపోయారు. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ సంగతి దాచకండి. తప్పులేని వీరుణ్ణి పిల్లలు నమ్మరు. నమ్మినా, పెద్దయ్యాక నిజం తెలిసి మనల్ని నమ్మరు.

మళ్లీ మన పక్క ఊరికి వద్దాం. 1763లో పాంటియాక్ యుద్ధం. 1807లో డెట్రాయిట్ సంధి పేర ఒడావా, ఒజిబ్వే, పొటవాటమి, వయాండాట్ జాతుల దగ్గర మిషిగన్ ఆగ్నేయ భాగమంతా తీసుకొన్నారు. ఇవాళ మనం కూర్చున్న ఈ నోవై నేల కూడా అందులోదే. 1818లో ఊరు కట్టి పాంటియాక్ పేరు పెట్టారు. వరుస చూడండి. ముందు నేల పోయింది, తరువాత పేరు వచ్చింది. ఎదిరించే బలం పోయాక పేరు పెట్టడం ఎవరికైనా సులువే.

ఆ ఊళ్లో ఓక్లండ్ అనే కార్ల కంపెనీ 1907లో మొదలైంది. 1926లో పాంటియాక్ అనే కారు తెచ్చారు. చాలాకాలం దానిమీద ఇండియన్ తల బొమ్మ ఉండేది. 1957 మోడలు నుంచి ఆ తల పోయి బాణపు మొన వచ్చింది. 2010తో కారే ఆగిపోయింది. కోట కట్టిన కాడిలాక్ పేరిట కార్లు ఇంకా అమ్ముతున్నారు; కోటను ముట్టడించిన పాంటియాక్ పేరిట అమ్మడం లేదు. ముట్టడిలో కోటను కాచిన గ్లాడ్విన్ పేర మిషిగన్‌లో ఒక కౌంటీ ఉన్నది. ఆంహర్స్ట్ పేర మాసచూసెట్స్‌లో ఊరున్నది. అయితే కెనడాలోని మాంట్రియల్‌వాళ్లు ఆంహర్స్ట్ వీధి పేరును 2019లో మార్చి, మోహాక్ భాషలో అతాతెకెన్ అని పెట్టుకొన్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అనే భావం ఆ మాటలో ఉన్నది.

మరొక విచిత్రం. టస్కోలా, అల్కోనా, ఆస్కోడా అని మన రాష్ట్రంలో కౌంటీలున్నాయి. అవి ఇండియన్ల మాటలనుకొనేవాణ్ణి. కావట! హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ అనే అధికారి 1840 ప్రాంతాల్లో ఇక్కడో అక్షరం, అక్కడో అక్షరం కలిపి అల్లిన పేర్లట. మనిషిని పంపించేసి, మనిషి గొంతులాంటి చప్పుడొకటి మిగుల్చుకొన్నారన్నమాట. మన నోవై పేరుకే చూడండి, ఆరో నంబరును రోమన్ అంకెల్లో రాస్తే నోవై అయిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. చరిత్రకారులు దాన్ని నమ్మరు. మన ముందున్న గ్రాండ్ రివర్ రోడ్డు మాత్రం నిజమైన ఇండియన్ల కాలిబాట. దానికి వాళ్ల పేరు లేదు. వాళ్ల అడుగులమీదే మనం రోజూ కార్లు నడుపుతున్నాము.

మనల్ని మనం మెచ్చుకొనే తొందర వద్దు. మన దగ్గర 2016లో కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చాయి. సంతోషమే. నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించి 1940లో ప్రాణమిచ్చిన భీం పేరు, మన్యంలో 1922 నుంచి 1924 దాకా పోరాడిన రాజు పేరు ఇవాళ ప్రతి దరఖాస్తు మీదా రాస్తున్నారు. కాని రాజు పక్కన నిలిచిన గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు ఈ సభలో ఎందరికి తెలుసు? మల్లు దొర బతికి బయటపడి, 1952లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. అడవి హక్కు కోసం వాళ్లెందుకు తిరగబడ్డారో చెప్పకుండా జిల్లా పేరు మాత్రం పలికితే, అది కూడా కొన్నాళ్లకు కారు పేరులాంటిదే అవుతుంది.

ఇందులో మనకు సంబంధించిన బాధ ఒకటి ఉన్నది. మన సంఘంలో నాతో వచ్చిన తరంవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మన మనవల చేతుల్లో తెలుగు పేర్లు మిగులుతాయి. పేరుంటుంది, ఆ పేరు ఎందుకు పెట్టారో తెలియదు. ఇంటిపేరుంటుంది, ఆ ఊరు ఎక్కడో తెలియదు. ఎవరూ మనల్ని జయించలేదు, ఎవరూ మన పిల్లలను బందీల బడిలో వేయలేదు. మనమే చెప్పకపోతే ఎవరిమీద నింద వేస్తాము?

అందుకని మూడు విన్నపాలు.

ఒకటి. వచ్చే వేసవిలో పిల్లలను ఒకరోజు డెట్రాయిట్ తీసుకుపోదాం. ఎల్మ్‌వుడ్ శ్మశానవాటికలో ఆ నెత్తుటివాగు ముక్క ఇంకా మిగిలి ఉన్నది. లింకన్ పార్కులో పాంటియాక్ సభ చేసిన నది ఒడ్డు ఉన్నది. చూపించి కథ చెబుదాం.

రెండు. పాంటియాక్ జాతి అంతరించిపోలేదు. ఉత్తర మిషిగన్‌లో లిటిల్ ట్రావర్స్ బే ఒడావాలు ఉన్నారు. 1994లో ఫెడరల్ ప్రభుత్వం వారిని తిరిగి గుర్తించింది. తమ భాషను తమ పిల్లలకు నేర్పుకొంటున్నారు. మన ఉత్సవానికి ఒకసారి వారిని పిలుద్దాం. వారి నేలమీద పండుగ చేసుకొంటున్నవాళ్లం గదా! వారి కథ వారి నోటనే విందాం. భాషను కాపాడుకోవడమెలాగో మనకన్న వారికే ఎక్కువ తెలుసునేమో.

మూడు. ప్రతి ఇంట్లో ఈ రాత్రే మీ పిల్లలను కూర్చోబెట్టి, వారి పేరు ఎవరిదో, ఆ మనిషి ఏం చేశాడో చెప్పండి. మీకు తెలియకపోతే మీ ఊరికి ఫోను చేసి కనుక్కోండి. అక్కడి పెద్దవాళ్లు ఉండగానే కనుక్కోండి.

మా మనవడికి ఇదంతా చెప్పాను. అంతా విని, "అయితే తాతయ్యా, ఆ కారుకు అమ్మమ్మ హారతి ఇచ్చినప్పుడు, ఆ హారతి ఆయనకు అందినట్లేనా?" అన్నాడు.

తెలిసి ఇస్తే అందేదిరా అన్నాను.

ఇవాళ తెలిసింది. ఇక్కడినుంచే ఆయనకొక నమస్కారం. నృత్యనాటిక పిల్లలు ఇక వేదికమీదికి రావచ్చు.